బరానగర్‌లో కలిసిన శాస్త్రాలు: ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ తొలి నలభై ఏళ్ళు

ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పాలని 1931 డిసెంబరు 17న కలకత్తాలో జరిగిన ఒక సమావేశం నిర్ణయించింది. ఆ సమావేశాన్ని పిలిచినవారు నలుగురు. ప్రశాంతచంద్ర మహలనోబిస్ ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం బోధించేవారు. ప్రమథనాథ్ బెనర్జీ కలకత్తా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర ఆచార్యులు, నిఖిల్ రంజన్ సేన్ అక్కడే అనువర్తిత గణిత ఆచార్యులు. నాలుగోవారు పారిశ్రామికవేత్త సర్ రాజేంద్రనాథ్ ముఖర్జీ. వీరిలో ఎవరూ స్టాటిస్టిక్స్ చదువుకుని వచ్చినవారు కారు. ఆ విషయానికి కలకత్తా విశ్వవిద్యాలయంలో పోస్టుగ్రాడ్యుయేట్ శాఖ ఏర్పడింది 1941లోనే. పరిశోధన సంస్థ ముందు వచ్చి, పాఠ్యక్రమం తరవాత వచ్చింది. క్లుప్తంగా ఐఎస్ఐ అని పిలిచే ఈ సంస్థ తొలి నలభై ఏళ్ళ చరిత్ర, సిద్ధాంత గణితం ఇతర శాస్త్రాలతో కలిసి పనిచేసినప్పుడు ఏ తీరున ఎదుగుతుందో చూపించే గొప్ప ఉదాహరణ.

మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో చదువు ముగించుకుని 1915లో స్వదేశానికి బయల్దేరే ముందు, ట్యూటర్ మెకాలే ఆయనకు 'బయోమెట్రికా' పత్రిక సంపుటాలు చూపించారు. జీవశాస్త్రంలోని కొలతలకు గణితాన్ని వర్తింపజేసే పత్రిక అది. మహలనోబిస్ ఆ సంపుటాలన్నీ కొనుక్కుని ఓడ ప్రయాణంలోనే చదవడం మొదలుపెట్టారు. కలకత్తా చేరాక భౌతికశాస్త్రం పాఠాలు చెబుతూనే, లెక్కలతో తేలవలసిన ప్రశ్నలు ఎక్కడున్నాయా అని వెతికారు.

ప్రశ్నలు నానా వైపుల నుంచీ వచ్చాయి. తత్త్వవేత్త బ్రజేంద్రనాథ్ శీల్ విశ్వవిద్యాలయ పరీక్షల ఫలితాలను విశ్లేషించే పని అప్పగించారు. 1920లో నాగపూర్ సైన్స్ కాంగ్రెస్‌లో కలిసిన జువాలజికల్ సర్వే డైరెక్టర్ నెల్సన్ ఆనండేల్, కలకత్తా ఆంగ్లో ఇండియన్ల దేహ కొలతలు ఆయన చేతిలో పెట్టారు. వాటి ఆధారంగా రాసిన తొలి వ్యాసం 1922లో వెలువడింది. అదే ఏడాది ఆయన అలీపూర్ వాతావరణ కేంద్రం బాధ్యత కూడా తీసుకున్నారు. ఉత్తర బెంగాల్‌ను వరద ముంచెత్తినదీ ఆ ఏడాదే. నీటిని నిలిపే జలాశయాలు కట్టాలని నిపుణులు ప్రతిపాదించగా, మహలనోబిస్ దాదాపు యాభై ఏళ్ళ వర్షపాతాన్నీ వరదలనూ పక్కపక్కన పెట్టి చూశారు. అక్కడ కావలసింది నీరు త్వరగా పారిపోయే దారి అని తేల్చారు. 1926లో ఒడిశాలో బ్రాహ్మణి నదికి వరద వచ్చినప్పుడు, నది అడుగు మేట వేసి పైకి లేచిందని, కరకట్టల ఎత్తు పెంచాలని ఇంజనీర్లు భావించారు. దాదాపు అరవై ఏళ్ళ రికార్డులు తిరగేసిన మహలనోబిస్‌కు నది అడుగు లేచిన ఆనవాలు కనబడలేదు. ఎగువన కురిసిన భారీ వర్షమే కారణమనీ, ఎగువన ఆనకట్టలతోనే దాన్ని అదుపు చేయగలమనీ ఆయన చెప్పారు. మహానదిపై వచ్చిన హీరాకుడ్ ప్రాజెక్టు ఆలోచనకు ఈ అధ్యయనం దోహదం చేసింది.

ఆనండేల్ ఇచ్చిన కొలతలు ఆయన్ను ఇంకా లోతైన ప్రశ్నలోకి దించాయి. రెండు జనసమూహాల మధ్య భేదం ఎంత అని ఒకే సంఖ్యలో చెప్పడం ఎలా? ఎత్తు, చేయి పొడవు, తల వెడల్పు, ముక్కు పొడవు ఇలా ఎన్నో కొలతలుంటాయి. ఒక్కో కొలతలోని తేడాను తీసుకుని అన్నింటినీ కూడితే సరిపోదు. ఎత్తయినవాళ్ళకు సాధారణంగా చేతులూ పొడుగ్గానే ఉంటాయి కాబట్టి, ఆ రెండు తేడాలనూ కూడితే ఒకే తేడాను రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. లండన్‌లో కార్ల్ పియర్సన్ వాడుతున్న సూచిక విలువ, కొలిచిన మనుషుల సంఖ్యను బట్టి మారిపోయేది. మనుషుల సంఖ్య పెరిగితే సమూహాల మధ్య దూరం పెరగదు కదా. కొలతల మధ్య ఉన్న సహసంబంధాన్ని లెక్కలోకి తీసుకుని, నమూనా పరిమాణంతో ముడిపడని దూరాన్ని మహలనోబిస్ నిర్వచించారు. 1925లో సైన్స్ కాంగ్రెస్ మానవశాస్త్ర విభాగంలో చేసిన అధ్యక్షోపన్యాసంలో మొలకెత్తిన ఈ ఆలోచన 1936 నాటి వ్యాసంలో పూర్తి రూపం దాల్చింది. నేడు దాన్ని 'మహలనోబిస్ దూరం' అంటారు. డేటాలో గుంపుకు దూరంగా పడిన విలువను పట్టుకోవడానికి, రెండు వర్గాలను వేరు చేయడానికి కంప్యూటర్ శాస్త్రం, వైద్యం, రిమోట్ సెన్సింగ్ దాన్ని నిత్యం వాడుతున్నాయి.

పొలం నుంచి జ్యామితికి

ఐఎస్ఐ 1932 ఏప్రిల్ 28న రిజిస్టరైంది. తొలి రోజుల్లో దానికి సొంత భవనం లేదు. ప్రెసిడెన్సీ కాలేజీ బేకర్ లాబొరేటరీలో మహలనోబిస్ నడుపుతున్న స్టాటిస్టికల్ లాబొరేటరీయే దాని చిరునామా. 1933లో 'సంఖ్య' పత్రిక మొదలైంది. చాలా ఏళ్ళ తరవాత సంస్థ కలకత్తా ఉత్తర శివారున ఉన్న బరానగర్‌లో స్థిరపడింది.

పని పెరిగేకొద్దీ మహలనోబిస్ గణితవేత్తలను వెతికి తెచ్చుకున్నారు. వారిలో రాజ్ చంద్ర బోస్ జ్యామితిలో పరిశోధన చేసినవారు, సమరేంద్రనాథ్ రాయ్ అనువర్తిత గణితం చదివినవారు. స్టాటిస్టిక్స్ ఇద్దరికీ కొత్తే. కొలతల నుంచి లెక్కగట్టిన మహలనోబిస్ దూరం నమూనా మారితే ఎంత అటూ ఇటూ అవుతుందన్న ప్రశ్నను బోస్ జ్యామితి దృష్టితో చూశారు. ఒక నమూనాలోని కొలతలన్నింటినీ అనేక పరిమాణాల ప్రదేశంలో ఒక బిందువుగా భావిస్తే, సంభావ్యత ప్రశ్న కోణాల, దూరాల ప్రశ్నగా మారుతుంది. మానవశాస్త్రం ఇచ్చిన సమస్య జ్యామితి భాషలోకి వచ్చాకే పరిష్కారమైంది.

వ్యవసాయం తెచ్చిన సమస్య ఇంకా దూరం తీసుకెళ్ళింది. కొత్త వరి రకాల్లో ఏది మేలైనదో తేల్చాలంటే వాటిని పక్కపక్క మడుల్లో వేసి పోల్చాలి. కానీ నేల సారం పొలమంతా ఒక్కలా ఉండదు. అందువల్ల పొలాన్ని సారంలో పెద్ద తేడా లేని చిన్న బ్లాకులుగా విడదీస్తారు. అప్పుడు అన్ని రకాలూ ఒక్కో బ్లాకులో పట్టవు. ఉదాహరణకు ఏడు రకాలున్నాయి, బ్లాకుకు మూడు మడులే ఉన్నాయి అనుకుందాం. ఏడు బ్లాకుల్లో వరసగా 1-2-3, 1-4-5, 1-6-7, 2-4-6, 2-5-7, 3-4-7, 3-5-6 రకాలు వేస్తే, ప్రతి రకమూ మూడు బ్లాకుల్లో వస్తుంది. ఏ రెండు రకాలు తీసుకున్నా సరిగ్గా ఒక్క బ్లాకులో కలుస్తాయి. ఏ రకానికీ పక్షపాతం జరగదు. రకాలను బిందువులనీ బ్లాకులను రేఖలనీ అనుకుంటే ఇది ఏడు బిందువులు, ఏడు రేఖలు ఉన్న ఒక చిన్న జ్యామితి. ఏ రెండు బిందువుల గుండా అయినా ఒకే రేఖ పోతుంది.

ఇలాంటి అమరికలు ఏ ఏ సంఖ్యలకు సాధ్యమో తేల్చడానికి కావలసిన బీజగణితం పరిమిత క్షేత్రాలది. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త గాల్వా పేరు మీద ఉన్న ఆ విద్యను కలకత్తాలో బోస్‌కు పరిచయం చేసినవారు, 1935లో జర్మనీ నుంచి వచ్చి విశ్వవిద్యాలయ గణిత శాఖకు అధిపతి అయిన ఫ్రెడరిక్ లెవీ. పొలం ప్రయోగాల రూపకల్పనకు ఆద్యుడైన రొనాల్డ్ ఫిషర్ 1938 జనవరిలో తొలి భారత స్టాటిస్టికల్ మహాసభకు అధ్యక్షత వహించడానికి కలకత్తా వచ్చారు. మరుసటి ఏడాది బోస్ ఈ బ్లాకుల అమరికలను నిర్మించే పద్ధతులను వివరంగా ప్రచురించారు. 1949లో ఆయన అమెరికాలోని నార్త్ కరోలినాకు వెళ్ళారు. అక్కడ 1959లో శరద్‌చంద్ర శ్రీఖండే, పార్కర్‌లతో కలిసి, ప్రతి అడ్డు వరసలోనూ ప్రతి నిలువు వరసలోనూ ఒక్కో గుర్తు ఒక్కసారే వచ్చే లాటిన్ చదరాలు రెండింటి జోడింపుపై గణితవేత్త ఆయిలర్ 1782లో చేసిన ఊహ తప్పని నిరూపించారు. రెండు, ఆరు వరసల చదరాలకు తప్ప, అసాధ్యమని ఆయిలర్ అనుకున్న మిగతా వాటన్నింటికీ జోడింపు సాధ్యమేనని తేలింది. 1960లో తన శిష్యుడు ద్విజేంద్ర కుమార్ రాయ్ చౌధురితో కలిసి బోస్ అవే పరిమిత క్షేత్రాలతో, సందేశాల్లో దొర్లిన తప్పులను సరిదిద్దే సంకేతాలను నిర్మించారు. ఫ్రాన్స్‌లో హోకెన్‌గెమ్ కూడా విడిగా కనుగొన్న ఈ సంకేతాలను బీసీహెచ్ కోడ్లు అంటారు. ఈనాడు అంగట్లో డబ్బు చెల్లించడానికి ఫోన్‌తో చదివే క్యూఆర్ కోడ్‌లో ఫార్మాట్ సమాచారాన్ని కాపాడుతున్నది ఒక బీసీహెచ్ కోడే. వరి మడుల ప్రశ్న వెనక ఇంత గణితం దాగి ఉందని దాన్ని అడిగినవారెవరూ ఊహించి ఉండరు.

జనపనార సర్వేలు

శాశ్వత శిస్తు విధానంలో ఉన్న బెంగాల్‌లో, రైత్వారీ ప్రాంతాల కరణం లెక్కల వంటివి లేవు. ఏటా జనపనార ఎంత విస్తీర్ణంలో వేశారో, ఎంత దిగుబడి వస్తుందో నమ్మకంగా చెప్పగలిగే ఏర్పాటు ప్రభుత్వం దగ్గర లేదు. ఇండియన్ సెంట్రల్ జూట్ కమిటీ కోరిక మీద 1937లో ఐఎస్ఐ శాంపుల్ సర్వేలు మొదలుపెట్టింది. యాదృచ్ఛికంగా ఎంచిన కొన్ని చోట్లు మాత్రమే చూసి మొత్తం ప్రాంతానికి అంచనా కట్టడం దీని పద్ధతి. చిన్న స్థాయిలో ప్రయత్నించి, ఖర్చునూ తప్పులనూ కొలిచి, మరుసటి ఏడాది విస్తరించుకుంటూ పోయారు.

సర్వేలో తప్పు శాంపుల్ వల్లే కాదు, మనిషి వల్ల కూడా వస్తుందని ఇక్కడ బయటపడింది. దిగుబడి తెలుసుకోవడానికి పొలంలో ఒక చిన్న వృత్తం గీసి అందులోని పైరును కోసి తూస్తారు. గీత మీద పడిన మొక్క లోపలిదా, బయటిదా అన్న సందేహం వస్తే కోసేవాడి చెయ్యి దాన్ని లోపలికే చేర్చుకుంటుంది. వృత్తం ఎంత చిన్నదైతే వైశాల్యంతో పోలిస్తే దాని అంచు అంత ఎక్కువ. కాబట్టి చిన్న కోతల్లో దిగుబడి ఉన్నదానికన్నా ఎక్కువ కనిపించింది. ఇలాంటి తప్పులను పట్టుకోవడానికి మహలనోబిస్ ఒకే ప్రాంతానికి రెండు వేర్వేరు శాంపుళ్ళు తీసి, రెండు బృందాలకు విడివిడిగా అప్పగించారు. రెండు అంచనాల మధ్య తేడా వారి పనిలోని నిలకడను బయటపెడుతుంది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పరికరం దోషాన్ని సరిచూసుకునే అలవాటు ఇలా పల్లె పొలాల్లోకి వచ్చింది.

1943 నాటి బెంగాల్ కరువు తరవాత ఈ పద్ధతి మానవ విషాదాన్ని లెక్కగట్టడానికి ఉపయోగపడింది. మానవశాస్త్రవేత్త కె.పి. చట్టోపాధ్యాయ్, సామాజిక శాస్త్రవేత్త రామకృష్ణ ముఖర్జీ వంటివారు పల్లెల్లో సర్వే చేసి, ఏ వృత్తుల కుటుంబాలు ఎంతగా చితికిపోయాయో నమోదు చేశారు. ఎవరు భూమి పోగొట్టుకున్నారు, ఎవరు కూలీలుగా మారారు అన్న ప్రశ్నలకు అంకెలతో జవాబు దొరికింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన యువకుడు

కల్యంపూడి రాధాకృష్ణ రావు 1920 సెప్టెంబరు 10న హడగలిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకుని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. పట్టా పొందారు. యుద్ధకాలంలో సైనిక సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళిన ఆయనకు ఆ ఉద్యోగం దొరకలేదు. అక్కడ ఐఎస్ఐ గురించి తెలుసుకుని 1941 జనవరిలో శిక్షణకు చేరారు. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి స్టాటిస్టిక్స్ ఎం.ఏ.లో బంగారు పతకం అందుకున్నారు.

ఆయన పాఠం చెబుతుండగా, తరవాతి కాలంలో అర్థశాస్త్రవేత్తగా పేరుపొందిన వి.ఎం. దండేకర్ ఒక ప్రశ్న వేశారు. నమూనా అనంతంగా పెరిగినప్పుడు అంచనాల కచ్చితత్వానికి ఫిషర్ చూపిన హద్దు, చిన్న నమూనాలకూ ఉంటుందా? రావు ఆ రాత్రే జవాబు కనుక్కున్నారు. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చిన ఆయన వ్యాసంలో మూడు పెద్ద ఫలితాలున్నాయి. మొదటిది ఈ హద్దు. నేడు దాన్ని క్రామర్–రావు అసమానత అంటారు. రెండోది, అంచనాను మెరుగుపరిచే రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం. మూడోది, సంభావ్యతా వితరణల మధ్య దూరాన్ని వంపు తిరిగిన తలాల జ్యామితితో కొలవడం. మహలనోబిస్ జనసమూహాల మధ్య కొలిచిన దూరాన్ని రావు మరో మెట్టు పైకి తీసుకెళ్ళారు. సమాచార జ్యామితి అనే శాఖకు ఈ మూడోదే పునాది.

ఇంత నైరూప్య గణితం రాస్తున్న కాలంలోనే రావు దేహ కొలతల పట్టికల ముందు కూర్చున్నారు. 1941లో మానవశాస్త్రవేత్త డి.ఎన్. మజుందార్ సంయుక్త రాష్ట్రాల్లో, అంటే నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ ప్రాంతంలో, వివిధ కుల, తెగ సమూహాల కొలతలు సేకరించారు. ఆ విశ్లేషణను మజుందార్, మహలనోబిస్, రావు కలిసి 1949లో 'సంఖ్య'లో ప్రచురించారు. 1946లో కేంబ్రిడ్జి మ్యూజియం ఆహ్వానం మీద రావు, రామకృష్ణ ముఖర్జీ ఇంగ్లండు వెళ్ళారు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో హెన్రీ వెల్‌కమ్ తవ్వకాల్లో బయటపడిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలు అక్కడ వారి కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ పని 1955లో మానవశాస్త్రవేత్త ట్రెవర్‌తో కలిసి రాసిన పుస్తకంగా వచ్చింది. జీవుల వర్గీకరణకు అనేక కొలతలను ఒకేసారి వాడే సిద్ధాంతాన్ని రావు ఈ పనిలోనే విస్తరించారు. 1948లో ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేశారు. ఎముకలు లేకుండా ఆ సిద్ధాంతం అంత త్వరగా వచ్చేది కాదు. సిద్ధాంతం లేకుండా ఆ ఎముకల నుంచి తెలిసేది తక్కువే.

స్వాతంత్ర్యం తరవాత

కొత్త దేశానికి కొత్త లెక్కలు కావలసి వచ్చాయి. 1950 అక్టోబరులో మొదలైన నేషనల్ శాంపుల్ సర్వే తొలి విడతలో 1,833 గ్రామాలను చూశారు. జనపనార సర్వేల్లో నేర్చుకున్న పద్ధతి దేశమంతటికీ విస్తరించింది. మహలనోబిస్ రెండో పంచవర్ష ప్రణాళికకు గణిత నమూనా తయారుచేశారు. పెట్టుబడిలో ఎంత భాగం యంత్రాలను తయారుచేసే పరిశ్రమలకు, ఎంత వినియోగ వస్తువులకు కేటాయించాలన్నది అందులో కీలక ప్రశ్న. దాని జవాబుపై ఆర్థికవేత్తలు నేటికీ వాదించుకుంటున్నారు. ప్రణాళిక చర్చల కోసం రాగ్నర్ ఫ్రిష్, టిన్‌బెర్గెన్ వంటి ఆర్థికవేత్తలు, గణితవేత్త నార్బర్ట్ వీనర్ బరానగర్ వచ్చారు. పెద్ద సమీకరణాల అవసరం కంప్యూటర్‌ను తెచ్చింది. 1953లో సమరేంద్ర కుమార్ మిత్రా నాయకత్వంలో సంస్థలోనే ఒక అనలాగ్ కంప్యూటర్ తయారైంది. కొద్ది ఏళ్ళకే ఇంగ్లండు నుంచి వచ్చిన హెచ్ఈసీ–2ఎం భారతదేశంలో తొలి డిజిటల్ కంప్యూటర్.

1957లో బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్, భార్య హెలెన్ స్పర్వేతో కలిసి ఐఎస్ఐలో చేరారు. జీవపరిణామానికి గణిత సిద్ధాంతాన్ని నిర్మించిన ముగ్గురిలో ఆయన ఒకరు. ఖరీదైన పరికరాలు లేకున్నా ఓపికగా లెక్కపెట్టి మంచి జీవశాస్త్రం చేయవచ్చని ఆయన నమ్మకం. శిష్యుడు ఎస్.కె. రాయ్ పారిజాతం పువ్వుల రేకులు లెక్కపెట్టారు. టి.ఏ. డేవిస్ కొబ్బరి చెట్ల ఆకులు ఎడమ చుట్టుగా వస్తున్నాయా, కుడి చుట్టుగానా అని వేల చెట్లను చూసి, ఆ లక్షణం తల్లి చెట్టు నుంచి పిల్ల చెట్టుకు రాదని తేల్చారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, ఏ రంగు పూల మీద ఏ సీతాకోకచిలుకలు వాలుతాయో గమనించారు. ఆంధ్ర ప్రాంతంలో మేనమామ–మేనకోడలు పెళ్ళిళ్ళు, మేనరికాలు వంశపారంపర్యంపై చూపే ప్రభావాన్ని పరిశీలించారు. తెలుగువారి ఇళ్ళలో తరతరాలుగా ఉన్న ఆచారం ఇలా జన్యుశాస్త్ర గణితానికి సమాచారమైంది.

గోదావరి లోయ నుంచి మరో రకం సమాచారం వచ్చింది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన పమేలా రాబిన్సన్ సాయంతో 1950ల చివరలో సంస్థలో భూవిజ్ఞాన విభాగం మొదలైంది. ఆ బృందం ప్రాణహిత–గోదావరి లోయలో శిలలను పొరపొరగా పరిశీలించింది. అక్కడ పోచంపల్లి గ్రామం దగ్గర ఒక భారీ శాకాహార డైనోసార్ ఎముకలు దాదాపు 300 దొరికాయి. అవి కనీసం ఆరు జంతువులవి. రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి ఏడాదిలో తవ్విన ఆ జంతువుకు 1975లో బరాపాసారస్ టాగోరీ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరాన్ని బరానగర్‌లోని మ్యూజియంలో నిలబెట్టారు. స్టాటిస్టిక్స్ సంస్థకు డైనోసార్‌తో పనేమిటన్న ప్రశ్నకు మహలనోబిస్ దృష్టిలో జవాబు సూటిగా ఉంది. కొలతలు పుట్టే చోటికి వెళ్ళని లెక్క క్రమంగా ఎండిపోతుంది.

1959లో పార్లమెంటు చట్టం ఐఎస్ఐని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించి, డిగ్రీలిచ్చే అధికారం కల్పించింది. 1960లో మొదలైన బి.స్టాట్ కోర్సు తొలి ఏళ్ళలో విద్యార్థులు గణితంతో పాటు భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, భూవిజ్ఞానం, అర్థశాస్త్రం కూడా చదివారు. అదే కాలంలో శుద్ధ సంభావ్యతా సిద్ధాంతమూ వికసించింది. రావు పర్యవేక్షణలో పరిశోధన చేసిన ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్ 2007లో ఏబెల్ బహుమతి అందుకున్నారు. ఆయన పీహెచ్‌డీ సిద్ధాంతవ్యాసానికి పరీక్షకుల్లో ఒకరు రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్.

ఈ కలయికకు పరిమితులూ ఉన్నాయి. సంస్థ చాలావరకు ఒక్క వ్యక్తి చొరవ మీద నడిచింది. బోస్, సమరేంద్రనాథ్ రాయ్ దేశం విడిచి వెళ్ళారు. హాల్డేన్ భేదాభిప్రాయాలతో 1961లో తప్పుకుని, భువనేశ్వర్ చేరి, 1964లో అక్కడే కన్నుమూశారు. మహలనోబిస్ 1972 జూన్ 28న మరణించారు. తరవాత సంస్థ పగ్గాలు పట్టిన రావు 1970ల చివర అమెరికా వెళ్ళి, 2023లో కన్నుమూసేదాకా పరిశోధనతో అనుబంధం వదులుకోలేదు. ఆయన పేరుతో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో గణిత, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ శాస్త్రాల సంస్థ పనిచేస్తోంది.

బరానగర్ చరిత్రలో పదేపదే కనిపించే క్రమం ఒకటుంది. ప్రశ్న బయటి నుంచి వస్తుంది. దాన్ని అడిగినవారూ గణితవేత్తా ఒకే చోట కూర్చుని కొలతలు చూస్తారు. ఉన్న గణితం చాలకపోతే కొత్తది పుడుతుంది. అది తిరిగి మొదటి ప్రశ్నకు జవాబిచ్చి, ఎవరూ అనుకోని ఇతర రంగాలకూ చేరుతుంది. దేహ కొలతల నుంచి సమాచార జ్యామితి, వరి మడుల నుంచి బీసీహెచ్ కోడ్లు, జనపనార పొలాల నుంచి జాతీయ సర్వే అలా వచ్చినవే. శాస్త్రాలను కలపడానికి అక్కడ ప్రత్యేక పథకం అక్కర్లేకపోయింది. వేర్వేరు చదువులవారికి ఉమ్మడి ప్రశ్న, ఉమ్మడి సమాచారం, ఏళ్ళ తరబడి కలిసి పనిచేసే తీరిక దొరికాయి. సిద్ధాంత పరిశోధనకు నేటికీ కావలసినవి ఇవే.